మనిషి లేని మిషన్

"వదినా, మళ్లీ పోయింది."

ఫోన్‌లో మా ఆడపడుచు హారతి. నేను రింగ్ రోడ్ మార్కెట్‌లో నాలుగో అంతస్తులో కూర్చుని కంప్యూటర్ మీద చీర అంచుకు నెమళ్లు గీస్తున్నాను. గడియారం చూశాను. మధ్యాహ్నం రెండూ తొమ్మిది నిమిషాలు.

"ఎప్పుడు పోయింది?"

"గిప్పుడే, రెండు నిమిషాలాయె. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం సగంల ఉన్నది. టీవీ నల్లగయ్యింది."

"కిందికి పోయి చూసినవా?"

"చూసిన. డబ్బా బంద్ ఉన్నది. నాయిన పండుకున్నడు. ఇంట్ల ఎవ్వరు లేరు. వరుసగా ఐదో రోజు వదినా. ఎవరో కావాలనే చేస్తున్నరు."

పరీక్షకు పన్నెండు రోజులున్నాయి.

ఫిజిక్స్‌లో ఫెయిలయిన మా ఆడపడుచుకు సప్లిమెంటరీ ఒక్కటే దారి. ఈసారి తప్పితే చదువు బంద్ అని మా అత్త ఎల్లవ్వ ఎప్పుడో తేల్చేసింది. అప్పుడు హారతి జీవితమంతా చీరల మీద జిగురు పెట్టి రాళ్లంటించుకుంటూ కూర్చోవడమే. కోసాడ్ కాలనీలో మా బ్లాకు ఆడవాళ్లంతా చేసే పని అదే. అందులో తప్పేం లేదు. కానీ హారతి నర్సు కావాలనుకుంది. నాకు ఆ సంగతి పెళ్లైన కొత్తలోనే చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు.

అందుకే ఆ ఎండాకాలం నేను డబ్బా తయారు చేశాను. ఆఫీసులో పారేయబోయిన పాత కంప్యూటర్, దాన్లో ఒక హార్డ్ డిస్క్, పక్కన చిన్న వైఫై పెట్టె. హిందీలో ఫిజిక్స్ చెప్పే ఒక మాస్టారు తన పాఠాలను ఎవరైనా దించుకోవచ్చని పెట్టాడు. నూట పన్నెండు పాఠాలు ఆఫీసులో దించి డిస్కులో నింపాను. మా ఇంటి టీవీ ఏప్రిల్‌లోనే పగిలిపోయింది కాబట్టి, మా పై అంతస్తులో సుభాషిణక్క టీవీ వెనక వేలెడంత డాంగిల్ గుచ్చాను. ఇంటర్నెట్‌తో పని లేదు. కింద మా డబ్బాలో ఉన్న పాఠం గాలిలోంచి పైకి పోయి ఆ టీవీలో ఆడుతుంది.

రోజూ రెండు నుంచి నాలుగు దాకా హారతి పైన కూర్చునేది. నాలుగుకు సుభాషిణక్క భర్త నిద్ర లేచి నైట్ షిఫ్ట్‌కు తయారయ్యేవాడు, టీవీ ఆయనది. ఆ రెండు గంటలూ ఆడవాళ్లు చేతులతో రాళ్లంటిస్తూ కళ్లతో ఫిజిక్స్ చూసేవాళ్లు. ఆ సేపు టీవీలో ఇంకేం ఆడించే వీల్లేదు మరి. పది రోజుల్లో సుభాషిణక్క హారతిని మించిపోయింది.

"కరెంటు పాఠంల ఓమ్ లెక్క అంటే గింతే కదనే," అంది ఒకరోజు నాతో. "మా అత్త ఎంత అడ్డం పడితే మా ఆయన నోట్లకెల్లి మాట గంత తక్కువస్తది."

అంతా బాగుందనుకుంటుండగా ఈ గండం మొదలైంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లగానే డబ్బా ముందు కూర్చున్నాను. ఇలాంటి డబ్బాలు తమకు జరిగిందంతా తామే రాసి పెట్టుకుంటాయి. తెరిచి చదివాను. సోమవారం రెండూ ఏడు. మంగళవారం రెండూ నాలుగు. బుధవారం రెండూ పది. గురువారం రెండూ అయిదు. ఈ రోజు రెండూ ఏడు. కరెంటు పోలేదు. వైరు ఊడలేదు. ప్రతిసారీ ఒకే మాట: బటన్ నొక్కారు. నొక్కి, లైటు ఆరేదాకా పట్టుకున్నారు.

అది డిస్కుకు చాలా చెడ్డది. అలా గొంతు పిసికి ఆపితే, మళ్లీ లేచేటప్పుడు డబ్బా తన ఒళ్లంతా తడిమి చూసుకుంటుంది. గంటన్నర పడుతుంది. అప్పటికి నాలుగవుతుంది. హారతి పూట పోతుంది.

అంటే మనిషి చేతే.

ఎవరిది?

మొదటి అనుమానం అంబదాస్ మీద. మా బ్లాకుకు కేబుల్ టీవీ తీగలు లాగేది ఆయనే. మా డబ్బా సంగతి తెలిసి ఇద్దరు ముగ్గురు కేబుల్ తీసేస్తామన్నారట. తెల్లారి ఆయన ఇంటికెళ్లాను. భార్య నవ్వింది. "ఆయనెక్కడున్నడు? పది దినాలాయె షోలాపూర్ పోయి. మరదలి పెండ్లి."

రెండో అనుమానం సొంత అత్త మీద. పాఠాలకు జాగా కోసం డిస్కులో దాచిన ఆమె సీరియల్ ఎపిసోడ్లు నలభై తీసేశాను. ఆ రోజు నుంచి నా చేతి చాయ్‌లో ఆమెకు చక్కెర తక్కువే. ధైర్యం చేసి అడిగాను.

"అత్తమ్మా, డబ్బా నువ్వు గిట్ల బంద్ చేస్తున్నవా?"

ఎల్లవ్వ రాళ్ల పళ్లెం పక్కన పెట్టింది. "నేనా? నాకు దాని బటన్ ఏడున్నదో తెల్వది. అయినా నేను పైన పోరి పక్కనే కూసుంట కదా. అడుగు దాన్ని." తర్వాత గొంతు పెంచి, బ్లాకంతా వినేలా శాపం పెట్టింది. "నా బిడ్డ చదువుకు అడ్డం పడేటోని చేతులు పడిపోను. వాని ఇంటి మీద కాకి వాలను."

అది ప్రతి సాయంత్రం ఆనవాయితీ అయింది. రెండు పూటల్లో పక్క బ్లాకు వాళ్లు కూడా ఆ శాపం నేర్చుకున్నారు.

మా ఆయన శ్యాంసుందర్ మాత్రం హాయిగా అన్నం తింటూ అన్నాడు, "దయ్యం కావచ్చు. ఫిజిక్స్ అంటే భయపడే దయ్యం."

ఇంట్లో ఆ సమయంలో ఉండేది మామ ఒక్కడే. ఉధ్నాలో ముప్పై ఎనిమిదేళ్లు నైట్ షిఫ్ట్‌లో మరమగ్గాలు నడిపి, పోయిన దీపావళికి మానేశాడు. పగలు నిద్రపోయే అలవాటు మాత్రం పోలేదు. భోజనం చేసి పన్నెండింటికి ముందు గదిలో చాప మీద పడుకుంటే నాలుగు దాకా లేవడు. మగ్గాల హోరుకు చెవులు ఎప్పుడో పోయాయి. చెవి పక్కన పళ్లెం జారిపడినా కదలడు. అందుకే మా తలుపుకు గడియ పెట్టే వాళ్లం కాదు. మా ఫ్రిజ్‌లో మూడిళ్ల నీళ్ల సీసాలుండేవి. ఎవరికి కావాలంటే వాళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు.

రెండింటికి ఎవరొస్తారు? హారతిని అడిగాను.

"సుభాషిణక్కనే. పాఠం షురు కాంగనే చల్లటి సీసా కోసం కిందికి పోతది. రోజు."

"వచ్చినంక ఎంతసేపటికి పోతది టీవీ?"

హారతి లెక్కేసింది. మొహం వాడిపోయింది. "రెండు మూడు నిమిషాలకు. కానీ అక్క గట్ల చెయ్యది వదినా."

నేను సోమవారం ఉదయం ఆఫీసుకు పోయే ముందు డబ్బా బటన్ మీద చూపుడు వేలితో కాటుక రాశాను. నల్లటి బటన్ మీద నల్లటి కాటుక. ముట్టిన వేలు నా సాక్షి.

రెండూ ఎనిమిదికి హారతి ఫోన్ వచ్చింది. సాయంత్రం బస్సు దిగి నేరుగా పై అంతస్తుకెక్కాను. సుభాషిణక్క గుమ్మంలో కొత్తిమీర ఏరుతోంది. పక్కింటివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని తిప్పాను. చూపుడు వేలి కొస నల్లగా ఉంది.

"ఎందుకక్కా? మేం నీకేం చేసినం?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. నేను చెప్పాను. కాటుక, బటన్, రెండు గంటలు, నీళ్ల సీసా. అంతా, అందరి ముందు. చెబుతూ ఆమె కళ్లలోకి చూశాను. అప్పుడు కనిపించింది నాకు. కళ్ల నిండా కాటుక. ముప్పై ఏళ్లుగా ప్రతి ఉదయం ఆ వేలితోనే పెట్టుకుంటుంది.

కానీ మాట అప్పటికే నోరు దాటింది.

"మా ఇంట్ల కూసొని, మా టీవీ చూసి, నన్నే దొంగంటవా," అంది సుభాషిణక్క. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. లోపలికి పోయి డాంగిల్ పీకి తెచ్చి నా చేతిలో పెట్టింది. తలుపు వేసుకుంది.

మంగళవారం డబ్బా ఆగలేదు. బుధవారం ఆగలేదు. సుభాషిణక్క నీళ్లకు రావడం మానేసింది, రాతల్లో బటన్ మాట లేదు. చూశావా అంది నా బుద్ధి. నాకు మాత్రం అన్నం సహించలేదు. డబ్బా బాగానే నడుస్తోంది, చూడటానికి టీవీ లేదు. హారతి నా ఫోన్ చిన్న తెర మీద, నేను ఇంటికొచ్చాక, కళ్లు చికిలించుకుంటూ చూసేది. ఇంకా నలభై పాఠాలు మిగిలాయి. పరీక్షకు ఏడు రోజులు.

గురువారం మధ్యాహ్నం మొదటి వాన పడింది. మార్కెట్‌లో కరెంటు పోయింది, సేటు మమ్మల్ని ఇంటికి పొమ్మన్నాడు. తడిసి ముద్దై రెండింటికి ఇల్లు చేరాను. నా వెనకే గాలికి తలుపు ధడేలుమని పడింది. గచ్చు అదిరింది. మామ ఎలాగూ వినడు కదా అని వంటగదిలోకి పోయి జుట్టు పిండుకుంటున్నాను.

వంటగది పరదా సందులోంచి కదలిక కనిపించింది.

మామ లేచి కూర్చున్నాడు. చప్పుడుకు కాదు, గచ్చు అదురుకు. చాప మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం చూశాడు. లేచి తలుపు దాకా వెళ్లి చూశాడు, ఎవరూ లేరు. తిరిగి వస్తూ డబ్బా దగ్గర ఆగాడు. పచ్చ లైటు మినుకుమంటోంది. దాని మీద అరచెయ్యి పెట్టాడు. తల వంచి, చెవితో కాదు, చేత్తో విన్నాడు. టీవీ ఉండే గోడ వైపు చూశాడు. ఖాళీ మేకు. ముందు గదిలో మనిషి లేడు. నాలుక చప్పరించి, బటన్ నొక్కి, లైటు ఆరేదాకా పట్టుకున్నాడు. తర్వాత దూడను నిమిరినట్టు డబ్బాను రెండుసార్లు తట్టి, వెళ్లి పడుకోబోయాడు.

నేను పరదా తీశాను.

ఆయన నన్ను చూసి నవ్వాడు. "వాన పడ్డదా బిడ్డా?"

మామతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదిలించాలి. మగ్గాల దగ్గర అందరూ అలాగే మాట్లాడుకుంటారు. నిలబడ్డాను. "మామా, ఎందుకు బంద్ చేసినవ్?"

"గదా?" చెవిటివాళ్లకు అలవాటైన పెద్ద గొంతుతో అన్నాడు. "రోజు ఉత్తగనే నడుస్తున్నది. ముందట మనిషి లేని మిషన్ నడవొద్దు బిడ్డా. దారం తెగితే ఎవరు చూస్తరు? మనిషి లేకుండ నడిచే మిషన్ బట్ట నెయ్యది, ఖరాబ్ చేస్తది. అందుకే నేను లేచినప్పుడల్లా బంద్ చేస్తున్న."

ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. కోడలు మరిచిపోయిన పని తాను చేస్తున్నాడు. సుభాషిణక్క నీళ్లకొచ్చి తలుపు వేసిన అదురుకే రోజూ లేచేవాడన్నమాట, ఆమె రాని రెండు రోజులూ లేవలేదు.

"పైన హారతి చూస్తది మామా. దీన్లకెల్లి పైకి పోతది పాఠం."

"పైకి తీగ ఏది?"

తీగ లేదని చెబితే నమ్మడు. డబ్బా మళ్లీ లేచి ఒళ్లు తడుముకునేదాకా ఇద్దరం కూర్చున్నాం. చాయ్ పెట్టిచ్చాను. అది నడవడం మొదలుపెట్టాక ఆయన అరచేతిని తీసి డబ్బా మీద పెట్టాను. నా ఫోన్‌తో వంటగదిలోకి వెళ్లి పాఠం ఆడించాను. ఆపాను. ఆడించాను. ఆపాను. పరదా సందులోంచి ఆయన మొహమే చూస్తున్నాను. నేను ఆడించినప్పుడు డిస్కు టిక్కుటిక్కుమంటుంది, ఆపితే నిమ్మళమవుతుంది. నాలుగోసారికి ఆయన కనుబొమ్మలు లేచాయి.

"నువ్వు ఆడించంగనే ఇది పని చేస్తున్నది," అన్నాడు. "గాలిల దారం."

"అవును మామా."

చెయ్యి తీశాడు. లెక్క కుదరడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. "పోరి ఏడ్చుడు దీనికేనా? మీ అత్త శాపనార్థాలు గిట్ల పెడుతుంటే నేను ఇంకెవరికో అనుకున్న."

నేను తల ఊపాను. ఆయన చూపుడు వేలు వైపు చూశాను. ముప్పై ఎనిమిదేళ్ల మగ్గం నూనె ఆ వేలి గీతల్లో ఇంకి నల్లబడింది. నా కాటుక అందులో కలిసిపోయి ఉంటుంది. అసలు ఆ వేలు చూడాలని నాకు తట్టనే లేదు. ఇన్ని రోజులూ బ్లాకంతా తిరిగి అందరినీ అడిగాను, ఈ ఒక్క మనిషిని అడగలేదు. వినపడదు కదా అని మేమంతా ఆయన్ని ఏమీ అడగడమే మానేశాం.

"ఎవరికి చెప్పకు బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "ముప్పై ఎనిమిదేండ్లల ఒక్క తాను బట్ట ఖరాబ్ చెయ్యలే నేను."

"చెప్పను మామా."

గొడుగు కూడా లేకుండా వానలోనే బయటి మెట్లెక్కాను. సుభాషిణక్క తలుపు సగం తీసింది.

"తప్పయింది అక్కా. నువ్వు కాదు."

"మరి ఎవరు?"

"మా ఇంటి మనిషే. పేరు అడగకు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చీరలోంచి నీళ్లు ఆమె గుమ్మంలో కారుతున్నాయి.

"హారతి మొఖం చూసి తలుపు తీస్తున్న, నీ మొఖం చూసి కాదు," అంది. "కానీ ఒక్క మాట. నన్ను అందరి ముందట అన్నవు. రిజల్ట్ నాడు అందరి ముందట నాకు పేరు కావాలె."

సరే అన్నాను. ఇంకేం అనగలను? డాంగిల్ మళ్లీ ఆ టీవీ వెనక్కి చేరింది.

మర్నాడు రెండింటికి మామ నిద్రపోలేదు. స్నానం చేసి, డ్యూటీకి వేసుకునే పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, డబ్బా ముందు స్టూల్ వేసుకుని కూర్చున్నాడట. అత్త కిందికొచ్చి చూసి నవ్వింది. "ఏందిది, మళ్ల నౌకరీకి ఎక్కినవా?" ఆయన చెయ్యి డబ్బా మీద నుంచి తియ్యలేదు. నీళ్లకొచ్చిన పిల్లల్ని ఫ్రిజ్ దగ్గరికి గోడవారగా నడిపించాడు. టేబుల్ ఫ్యాను తనవైపు నుంచి డబ్బా వైపు తిప్పాడు. సాయంత్రం నాకు రిపోర్టు కూడా ఇచ్చేవాడు, షిఫ్ట్ మార్చేటప్పుడు ఇచ్చినట్టు: "రెండు గంటలు. ఒక్క తెగుడు లేదు."

పరీక్షకు రెండు రోజుల ముందు పాఠాల మీద పాఠాలు చూస్తూ హారతి వేగం పెంచింది. ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మామ వాకిట్లోనే ఉన్నాడు.

"బిడ్డా, ఇటు రా. డబ్బా మీద చెయ్యి పెట్టు."

పెట్టాను. నాకేం తెలియలేదు.

"టక్కన్నంక చిన్న గుంజుడున్నది చూడు. నిన్న లేదు. బేరింగ్ పోతున్నది. గిట్ల గుంజిన మిషన్ రెండు పూటలు నడవది."

కంప్యూటర్ డిస్కు సంగతి ఆయనకేం తెలుసని నేను ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత శ్యాంసుందర్‌ను పక్క వీధిలో మా ఆఫీసు స్నేహితురాలింటికి పరిగెత్తించి ఖాళీ డిస్కు తెప్పించాను. అన్నం వండేలోపు మిగిలిన పాఠాలన్నీ దాని మీదికి ఎక్కించాం. మామ ఆ సేపంతా చెయ్యి పెట్టి, కాన్పు దగ్గర మంత్రసానిలా, "నడుస్తున్నది, నడుస్తున్నది" అంటూ ఉన్నాడు.

మర్నాడు పదకొండింటికి పాత డిస్కు గరగరమని రెండుసార్లు ఏడ్చి ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. రెండింటికి కొత్త డిస్కు మీద నూట పన్నెండో పాఠం ఆడింది. పైన హారతి చూసింది. కింద మామ కావలి కాశాడు.

పరీక్ష రాసి వచ్చిన రోజు హారతి ట్రాన్స్‌ఫార్మర్ ప్రశ్న వచ్చిందని మాత్రం అంది. సుభాషిణక్క నోట్లో జవాబు రెడీగా ఉంది, మెట్ల మీద నిలబడే మొత్తం అప్పజెప్పింది. "నేను రాసొస్తే అయిపోతుండె," అంది.

జూలైలో, వాన ఆగకుండా పడుతున్న ఒక ఉదయం, రిజల్ట్ వచ్చింది. నా ఫోన్ చుట్టూ తలలు. నంబర్ కొట్టాను. తెర తిరిగింది, తిరిగింది, ఆగింది.

"యాభై ఎనిమిది," అన్నాను.

"ఎన్ని?" అంది అత్త.

"వందకు యాభై ఎనిమిది అత్తమ్మా. పాసయ్యింది. ముప్పై మూడొస్తే చాలు."

హారతి నేల మీదే కూర్చుండిపోయింది. ఎవరో ఈలేశారు. శ్యాంసుందర్ అందరికీ శనగపిండి లోచో తేవడానికి వానలోకే పోయాడు, గొడుగు మరిచిపోయి. సుభాషిణక్క ఇంట్లో ముప్పై మంది చేరారు. మామను తీసుకొచ్చి టీవీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పొగలు కక్కే లోచో చేతులు మారుతోంది. అంత సందడిలోనూ సుభాషిణక్క మరిచిపోలేదు. పళ్లెం కింద పెట్టి, చీర కొంగు నడుముకు చుట్టి నా వైపు తిరిగింది.

"సంధ్యా. ఇగ చెప్పు. అందరున్నరు. గా బటన్ నొక్కిందెవరు?"

నేను మాటిచ్చాను, ఇద్దరికీ. ఒకరికి చెబుతానని, ఒకరికి చెప్పనని.

"నేనే అనుకో అక్కా," అన్నాడు శ్యాంసుందర్, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా.

"నువ్వు రెండింటికి మార్కెట్ల ఉంటవు. ఊకో."

మామ కుర్చీలో కదిలాడు. ఆయన కళ్లు సుభాషిణక్క పెదాల మీదే ఉన్నాయి, అంతా చదివేశాడు. లేవబోయాడు.

"నువ్వు కూసో," అంది అత్త.

ఎల్లవ్వ చేతిలో పళ్లెం హారతికిచ్చి గది మధ్యకొచ్చింది. "నేను చెప్త. గీ కోడలు చెప్పది. దాని పెదవులు కుట్టేసుకున్నది పిచ్చిది. నాకు ఎవ్వరు చెప్పలే. నేనే పట్టిన. ఏ తప్పు చెయ్యనోడు ఖాకీ అంగీ తొడుక్కొని డబ్బా ముందట కావలి కూసుంటడా? నలభై ఏండ్ల సంది ఎరుగుదు నేను. ఒక్క పోగు తప్పు పోతే తాను మొత్తం విప్పి నేసే రకం. నా శాపాలన్ని వాపస్ తీసుకున్న. చేతులు చల్లగుండాలె."

"ఎవరమ్మా, పేరు చెప్పు," అన్నారు వెనకనుంచి.

అక్కడే చిక్కుంది. మా అత్త కాలంలో భార్యలు భర్త పేరు నోటితో అనేవాళ్లు కాదు. మామను పిలవాలంటే అత్త 'ఇగో' అనేది, లేదంటే 'శ్యామోళ్ల నాయిన' అనేది. రేషన్ ఆఫీసులో పేరడిగితే కార్డు చూపించి ఊరుకునేది. గదిలో పెద్దవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కొక్కరే నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"అవ్వా, గిప్పుడు చెప్పాల్సిందే," అంది సుభాషిణక్క. ఆమె కూడా నవ్వుతోంది.

ఎల్లవ్వ మొహం ఎర్రబడింది. అరవై ఏళ్ల మొహం అలా ఎర్రబడటం నేను ఎన్నడూ చూడలేదు. వెళ్లి మామ ఎదురుగా, ఆయన చూపుకు సరిగ్గా అందేలా నిలబడింది. ఆమె పెదాల మీద ఆ పేరు ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ముత్యం," అంది.